మద్యము – గర్భస్థ శిశువు: చరకుడు చూసినది, చరిత్ర లెక్కించనిది



చరకసంహితలో శారీరస్థానపు అష్టమాధ్యాయానికి జాతిసూత్రీయమని పేరు. సత్సంతానాన్ని కోరే దంపతుల ఆహారవిహారాలు, గర్భిణి మాసానుమాసం పాటించవలసిన నియమాలు, సూతికాగృహ నిర్మాణం, నవజాత శిశువుకు చేయవలసిన ఉపచారాలు అందులో వివరింపబడ్డాయి. ఆ అధ్యాయం నడుమ, గర్భిణి ఏ అలవాటుకు నిత్యం లోనైతే శిశువుకు ఏ దోషం సంక్రమిస్తుందో తెలిపే ఒక పట్టిక వంటి భాగం ఉన్నది. అందులో ‘మద్యనిత్య’ అనే పదం వస్తుంది. నిత్యమూ మద్యం సేవించే గర్భిణి అని దాని అర్థం. ఆమెకు కలిగే సంతానానికి ఆచార్యుడు చెప్పిన లక్షణాలు మూడు: తీరని దప్పిక, అల్పస్మృతి, అనవస్థిత చిత్తం.

ఈ మూడింటిలో చివరి రెండింటిని ఆస్తిక మహాశయులు కొంచెం నిదానించి చూడాలని నా ప్రార్థన. పుట్టిన శిశువును చూసి తూకం తక్కువని చెప్పవచ్చు, అంగవైకల్యం ఉన్నదని చెప్పవచ్చు. స్మృతి అల్పమని మాత్రం పొత్తిళ్ళలోని బిడ్డను చూసి ఎవరూ చెప్పలేరు. ఆ బిడ్డ మాటలు నేర్చి, అక్షరాభ్యాసమై, నిన్న చెప్పిన పాఠాన్ని నేడు అప్పజెప్పలేకపోయినప్పుడు మాత్రమే అది బయటపడుతుంది. చిత్తం ఒకచోట నిలువదని తెలియడానికి కూడా అయిదారేళ్ళు పట్టవచ్చు. అంటే ఆ వాక్యం వెనుక ఎవరో ఒక వైద్యుడు, లేక వైద్యుల పరంపర, ఆ తల్లి గర్భవతిగా ఉన్నప్పటి స్థితిని గుర్తుంచుకొని, ఆ బిడ్డ బడికి వెళ్ళే వయస్సు వరకూ గమనించి ఉండాలి. నన్ను ఆశ్చర్యపరచేది ఆ ఓపిక.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ‘మనవాళ్ళు అన్నీ ముందే చెప్పారు’ అని చప్పట్లు కొట్టే అలవాటు మనలో పెరిగింది. అదే పట్టికలో కలహశీల అయిన గర్భిణికి అపస్మారం గల బిడ్డ పుడుతుందని, ఉడుము మాంసం ప్రియమైన స్త్రీ బిడ్డకు అశ్మరి, అంటే మూత్రంలో రాళ్ళు, కలుగుతుందని, రాత్రులు సంచరించే గర్భిణికి ఉన్మత్తుడు జన్మిస్తాడని కూడా ఉన్నది. వీటిని నేటి వైద్యం అంగీకరించదు. దప్పిక విషయాన్ని కూడా ఆధునిక పరిశోధన సమర్థించినట్లు నేను చదువలేదు. అన్నింటినీ ఒకే గాటన కట్టి నమ్మడమూ తప్పే, అన్నింటినీ ఒకే గాటన కట్టి త్రోసివేయడమూ తప్పే. ఏ పరిశీలన కాలపరీక్షకు నిలిచిందో దానిని గౌరవించడమే శాస్త్రానికి మనం చేయగల సేవ. స్మృతిని, చిత్తాన్ని గురించిన పరిశీలన నిలిచింది.

మన ధర్మశాస్త్రాలు సురాపానాన్ని మహాపాతకాలలో చేర్చాయి. కచుని భస్మాన్ని మదిరలో కలిపి తనచేతనే త్రాగించారని తెలిసిన తరువాత శుక్రాచార్యులు విప్రులకు మద్యాన్ని నిషేధించిన కథ భారతం ఆదిపర్వంలో ప్రసిద్ధం. శ్రౌతంలో సౌత్రామణి యాగంలో సురాగ్రహణం ఉన్న మాటా నిజమే. దానిని దాచవలసిన పని లేదు. అయితే ఈ విధినిషేధాలన్నీ త్రాగేవాని పాపపుణ్యాలకు, అతని అధికారానికి సంబంధించినవి. త్రాగని మరొక జీవికి, ఇంకా కన్ను తెరువని జీవికి, కలిగే హాని అక్కడ ప్రధాన విచారణ కాదు. ఆ విచారణ చేసినది ఆయుర్వేదం. శారీరస్థానంలోనే నాలుగవ అధ్యాయంలో, గర్భానికి ఉపఘాతకరమైన వాటిని చెబుతూ, మదం కలిగించే మద్యాలను గర్భిణి తీసుకోరాదని స్పష్టంగా విధించారు. ధర్మశాస్త్రాన్ని అధ్యయనం చేసిన మాబోటి వారికి వైద్యశాస్త్రంలోని ఈ వాక్యాలు చాలాకాలం కంటబడలేదు. పాఠశాలల్లో ఈ రెండు విద్యల నడుమ గోడ ఉన్నది.

పాశ్చాత్య దేశాలలో ఈ జ్ఞానం నడచిన దారి ఇంకా విచిత్రమైనది. లండన్ నగరంలో జిన్ అనే చౌక మద్యం వరదలా పారిన రోజులలో, 1726లో, అక్కడి రాజవైద్య కళాశాల ఆ దేశపు పార్లమెంటుకు ఒక వినతి సమర్పించింది. ఈ మద్యం వలన దుర్బలులు, రోగిష్ఠులు అయిన పిల్లలు జన్మిస్తున్నారన్నది ఆ వినతిలోని ఒక ఫిర్యాదు. ఆ తరువాత 1899లో లివర్‌పూల్ కారాగారంలో వైద్యుడైన విలియం సలివన్, మద్యానికి బానిసలైన 120 మంది స్త్రీల సంతానాన్ని లెక్కించాడు. వారికి కలిగిన 600 మంది పిల్లలలో సగానికి పైగా మృతశిశువులుగా జన్మించారు, లేక రెండేళ్ళు నిండకముందే మరణించారు. ఆయన మరొక విషయం కూడా గమనించాడు. గర్భం ధరించిన తొలిరోజులలోనే శిక్షపడి కారాగారానికి వచ్చిన స్త్రీకి, అక్కడ మద్యం దొరకని కారణంగా, ఆరోగ్యవంతమైన బిడ్డ పుట్టే అవకాశం మెరుగుపడింది. చెరసాల గోడ ఆ బిడ్డకు రక్షాకంకణమయింది!

ఇంత తెలిసిన తరువాత కూడా ఇరవయ్యవ శతాబ్దంలో వైద్యలోకం దీనిని మరచిపోయింది. త్రాగుబోతు తల్లుల బిడ్డలు చెడిపోవడానికి కారణం దారిద్ర్యమని, వంశదోషమని, పెంపకమని సరిపుచ్చుకున్నారు. 1960ల చివరలో అకాల ప్రసవాన్ని ఆపడానికి గర్భిణుల రక్తనాళాలలోకే ఆల్కహాలును ఎక్కించే చికిత్స ప్రసిద్ధ ఆసుపత్రులలో జరిగింది. సరిగ్గా ఆ రోజులలోనే, 1968లో, ఫ్రాన్సు దేశంలోని నాంత్ నగరంలో పాల్ లెమ్వాన్ అనే శిశువైద్యుడు, మద్యపానం చేసే తల్లిదండ్రులకు జన్మించిన 127 మంది పిల్లలను పరిశీలించి, వారి ముఖాలలో, ఎదుగుదలలో, బుద్ధిలో ఒకే విధమైన లోపాలు ఉన్నాయని ప్రకటించాడు. ఆ వ్యాసం ఫ్రెంచి భాషలో, ఒక ప్రాంతీయ పత్రికలో వచ్చింది. దానిని పట్టించుకున్నవారు బహుకొద్దిమంది. 1973లో అమెరికాలోని సియాటిల్ నగర వైద్యులు కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ మరికొందరితో కలిసి, పరస్పర బంధుత్వం లేని ఎనిమిది మంది పిల్లలలో అవే లక్షణాలను గుర్తించి ‘లాన్సెట్’ పత్రికలో వెల్లడించి, ఆ లోపసముదాయానికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టిన తరువాతనే లోకం వినడం మొదలుపెట్టింది. మనం దానిని గర్భస్థ మద్యదోషం అనవచ్చు.

ఈ దోషం పనిచేసే తీరు తెలుసుకోదగినది. తల్లి రక్తంలోని మద్యసారం మాయను సులభంగా దాటి శిశువు రక్తంలో చేరుతుంది. కొంతసేపటికి ఇద్దరి రక్తంలోనూ దాని పాలు ఇంచుమించు సమానమవుతుంది. తల్లి కాలేయం దానిని విరిచివేయగలదు. శిశువు కాలేయానికి ఆ శక్తి ఇంకా రాలేదు. పైగా ఉమ్మనీటిలో కూడా మద్యసారం నిలుస్తుంది. తొలివారాలలో, అంటే తాను గర్భవతినని స్త్రీకి ఇంకా తెలియకముందే, ముఖపు రూపురేఖలు ఏర్పడుతుంటాయి. ఆ దశలో దెబ్బ తగిలితే కన్నుల చీలిక చిన్నదవుతుంది, పైపెదవి పలచబడుతుంది, ముక్కుకూ పెదవికీ నడుమ ఉండే గాడి చదునైపోతుంది. మెదడు మాత్రం తొమ్మిది మాసాలూ నిర్మాణంలోనే ఉంటుంది. అయిదవ మాసంలో మనస్సు, ఆరవ మాసంలో బుద్ధి వికసిస్తాయని సుశ్రుతుడు చెప్పాడు. నేటి శాస్త్రం దానికి మాసాల సరిహద్దు గీయదు. అందుచేతనే ముఖంలో ఏ చిహ్నమూ లేకుండా, చూడముచ్చటగా ఉన్న బిడ్డలో కూడా లోపల మెదడు దెబ్బతిని ఉండవచ్చు. అటువంటి పిల్లలే ఎక్కువ. వారిని ఎవరూ గుర్తించరు.

వారు పెరిగి పెద్దవారైతే ఏమవుతుంది? సియాటిల్‌లోనే ఆన్ స్ట్రైస్‌గూత్ అనే మనస్తత్త్వవేత్త దశాబ్దాల పాటు ఇటువంటి వారిని అనుసరించి చూసింది. ఆమె బృందం 1996లో 415 మంది వివరాలు ప్రకటించింది. వారిలో నూటికి తొంభై మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడినవారు. పన్నెండేళ్ళు దాటినవారిలో సుమారు అరవై శాతం చదువు మధ్యలో చెదిరిపోయినవారు, దాదాపు అంతే శాతం చట్టంతో చిక్కులు పడినవారు. లెక్కలు రావు, డబ్బు విలువ, కాలం విలువ తెలియదు, చేసిన తప్పుకు శిక్షపడినా మళ్ళీ అదే తప్పు చేస్తారు. మొండితనం కాదు, నిన్నటి శిక్షకూ నేటి పనికీ సంబంధం కలిపే శక్తి మెదడులో లోపించింది. వయస్సుతో ఇది మానదు, దీనికి ఔషధం లేదు. చిన్నతనంలోనే గుర్తించి, నిలకడ గల ఇంటిలో, ఓపికగల గురువు దగ్గర పెంచితే మాత్రం బ్రతుకు చాలా మెరుగవుతుందని ఆ పరిశోధనలే చెబుతున్నాయి.

ఇక మన ప్రాంతపు చరిత్రకు వద్దాం. ఈ పద్మనాభంలో 1794 జూలై 10వ తేదీన కుంపిణీ సైన్యంతో జరిగిన యుద్ధంలో విజయనగర ప్రభువు విజయరామరాజు, ఆయనతో అనేకులు నేలకొరిగారు. ఆ తేదీ మా ఊరి పిల్లలకు కూడా నోటికి వచ్చు. కత్తివేటుకు పడినవారి సంగతిని చరిత్ర ఈ విధంగా భద్రపరుస్తుంది. ఆ యుద్ధం తరువాత ఈ సీమలో స్థిరపడిన ఆంగ్ల పాలనలో మద్యం ఒక ఆదాయమార్గమయింది. దాని వ్రాతలు మన దగ్గర కొల్లలుగా ఉన్నాయి. తాటిచెట్ల లెక్క ఉన్నది, సారా పాటల లెక్క ఉన్నది, కిస్తీల లెక్క ఉన్నది.

మన్యంలో జీలుగు కల్లు, ఇప్పసారా, మైదానంలో తాటికల్లు అనాదిగా ఉన్నవే. ఉదయం తీయగా ఉండే నీరు మధ్యాహ్నానికి పులిసి మత్తెక్కుతుంది. ఎండాకాలంలో కొండవాసులకు అది సగం ఆహారం. ఆ చెట్లపై చిగురుపన్ను వేసి, ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడాన్ని కూడా నిషేధించి, గుత్తేదారుల చేతికి అప్పగించినందుకు 1879లో రంప ప్రాంతం తిరగబడింది. ఆ తిరుగుబాటు విశాఖ జిల్లా గొలుగొండ వరకూ పాకింది. 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చి ప్రభుత్వపు పట్టు ఇంకా బిగిసింది. వివాదమంతా చెట్టు ఎవరిది, పన్ను ఎవరికి అన్నదే.

1937లో రాజాజీ ప్రభుత్వం మద్యనిషేధానికి పూనుకొని మొదట సేలం జిల్లాలో, మరుసటి ఏడు మన చిత్తూరు, కడప జిల్లాలలో అమలుచేసింది. స్వాతంత్ర్యం వచ్చాక నిషేధం మద్రాసు రాష్ట్రమంతటికీ విస్తరించింది. రాజ్యాంగం 47వ అధికరణంలో ఆదేశసూత్రంగా కూడా చోటుచేసుకుంది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన ఏడాదికే, 1954 నవంబరులో, టంగుటూరి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఈ నిషేధపు వివాదంలోనే ఒక్క వోటు తేడాతో పడిపోయింది. గీత కార్మికుల జీవనోపాధి కోసం గౌతు లచ్చన్నగారు నిలబడిన రోజులవి. వారి వాదంలో న్యాయం లేదని నేను అనను. ఆకలి ముందు ఉపదేశం నిలువదు. ఆ శాసనసభలో ఆదాయం గురించి, కల్తీ గురించి, ఉపాధి గురించి జరిగిన చర్చే చరిత్రలో నిలిచింది.

1980ల దశకంలో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాను ప్లాస్టిక్ పొట్లాలలో పల్లెపల్లెకూ చేర్చింది. వారుణి అన్నది క్షీరసాగర మథనంలో ఆవిర్భవించిన సురాధిదేవత పేరు. ఆ పేరు పెట్టిన అధికారికి పురాణజ్ఞానం ఉన్నది, వివేకమే కొరవడింది. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమపు రాత్రిబడిలో సీతమ్మ కథ అనే పాఠం చదువుకున్న స్త్రీలు, 1992లో దూబగుంటలో రోశమ్మ వంటివారు ముందు నిలువగా, సారా దుకాణాన్ని మూయించారు. ఆ జ్వాల జిల్లాలకు పాకి, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. ఆ తల్లులు అడిగినవి కూలిడబ్బు, పిల్లల కడుపుకు అన్నం, దెబ్బలు లేని రాత్రి. అంతకంటె ధర్మబద్ధమైన కోరిక ఉండదు. అయినా నేను చదివిన ఉద్యమ చరిత్రలలో కడుపులోని బిడ్డ మాట దాదాపు కనబడలేదు. భర్త త్రాగుడే అక్కడి బాధ కనుక అది సహజమే కావచ్చు. తమకు తామే పోరాడి గెలిచిన ఆ స్త్రీలకు ఈ ఒక్క సంగతిని చెప్పగల వైద్యులు, పండితులు అప్పటికే ఉండి కూడా చెప్పలేదు. 1973 నాటికి లోకానికి తెలిసినది, చరకుని నాటికే మన గ్రంథాలలో ఉన్నది, 1992లో పల్లెకు చేరలేదు.

చేరకపోవడం వలన ఏమయింది? మందమతి అయిన బిడ్డను తీసుకొని దంపతులు కొండమెట్ల దగ్గరకు వస్తారు. ఇది గ్రహదోషమా, నాగదోషమా, పూర్వజన్మ కర్మమా అని అడుగుతారు. కర్మసిద్ధాంతాన్ని నేను కాదనను, కాదంటే నా అధ్యయనమే లేదు. అయితే మీమాంసకులు ఒక నియమం పెట్టారు. కంటికి కనబడే కారణం సరిపోతున్నప్పుడు కనబడని కారణాన్ని కల్పించడం తగదు. ఎదుట ఉన్న హేతువును విడిచి జన్మాంతరాలను తవ్వడం శాస్త్రం కాదు, సోమరితనం. శాంతి జపం చేయించవచ్చు. అది తల్లిదండ్రుల మనస్సుకు బలమిస్తుంది. దానికి ముందు పిల్లల వైద్యునికి చూపించి, గర్భకాలపు సంగతులు దాచకుండా చెప్పాలి. వేదపాఠశాలల్లో సంత చెప్పేటప్పుడు పదిసార్లు పలికించినా పట్టుబడని విద్యార్థి ఉంటాడు. వెనుకటి తరంలో అతనికి బెత్తమే సమాధానం. ఆ పిల్లలందరికీ ఇదే కారణమని కాదు. కొందరికైనా ఏదో ఒక గర్భకాల హేతువు ఉండి ఉంటుందన్న ఊహ కూడా ఆ రోజుల్లో ఎవరికీ లేదు.

తల్లిని నిందించడానికి ఈ మాటలు వాడుకోవద్దని మనవి. నిందకు భయపడే స్త్రీ వైద్యుని దగ్గర నిజం చెప్పదు, బిడ్డకు సకాలంలో సహాయం అందదు. దక్షిణాఫ్రికాలోని పశ్చిమ కేప్ ద్రాక్షతోటలలో తరతరాలుగా కూలికి బదులు కొంత ద్రాక్షమద్యం పోసే పద్ధతి ఉండేది. నేడు ప్రపంచంలోకెల్లా ఈ దోషం మిక్కిలి అధికంగా కనబడే ప్రాంతాలలో అది ఒకటి. ఆ కూలి స్త్రీని పాపి అనగల ధైర్యం ఎవరికి ఉన్నది? 2017లో ప్రకటింపబడిన ఒక అంతర్జాతీయ గణన ప్రకారం, ప్రపంచంలో గర్భిణులలో సుమారు 9.8 శాతం మంది ఏదో ఒక మోతాదులో మద్యం తీసుకుంటున్నారు. అటువంటి వారిలో సుమారు 67 మందికి ఒకరి బిడ్డలో గర్భస్థ మద్యదోషం పూర్తి రూపంలో కనబడుతుంది. అసంపూర్ణ రూపాలు ఆ లెక్కకు వెలుపల. మన దేశంలో స్త్రీల మద్యపానం తక్కువే. అయితే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశమంతటా స్త్రీలలో 1.3 శాతం ఉండగా తెలంగాణలో 6.7 శాతం కనబడింది. మన ఇంట లేదులే అనుకోవడానికి ఆ సంఖ్య అవకాశమివ్వదు.

విశాఖ ఇప్పుడు మహానగరం. సారా పొట్లం పోయి గాజుసీసా వచ్చింది, పల్లెలో బెల్టుషాపు వచ్చింది. చదువుకున్న ఇళ్ళలో బీరు, వైను మద్యం కావన్న భ్రమ ఉన్నది. శిశువుకు చేరే మద్యసారం ఒక్కటే, కల్లులో ఉన్నదీ అదే. ఇంత పరిమాణం వరకు భయం లేదని చెప్పగల హద్దు గర్భిణి విషయంలో నిర్ణయింపబడలేదు. ముందు తెలియక త్రాగినా, తెలిసిన నాడు మానివేస్తే ఆనాటి నుండి ఎదిగే మెదడుకు మేలే. మన దేశంలో సీసాపై ముద్రించే హెచ్చరిక ఆరోగ్యానికి హానికరమని, త్రాగి వాహనం నడుపవద్దని చెబుతుంది, గర్భం మాట ఎత్తదు. అమెరికాలో 1989 నుండి సీసాపై గర్భిణికి ప్రత్యేక హెచ్చరిక ఉన్నది. బాలింతకు వేడి చేస్తుందని చెంచాడు బ్రాందీ పట్టే ఇళ్ళు కూడా ఉన్నాయి, అది పాలలోకి దిగుతుందని వారికి తెలియదు. ఆయుర్వేదంలోని ఆసవారిష్టాలలో కూడా పులియడం వలన పుట్టిన మద్యసారం కొంత ఉంటుంది. ప్రసవానంతరం వాడే దశమూలారిష్టాన్ని చూసి గర్భిణి కూడా తనంత తానుగా అరిష్టాలు తీసుకోరాదు, వైద్యుని అడగాలి.

గర్భిణీపతికి మన నిబంధన గ్రంథాలు కొన్ని నియమాలు చెప్పాయి: క్షౌరం కూడదు, సముద్రస్నానం కూడదు, శవవాహనం కూడదు, చెట్టు నరకరాదు. సీమంత ముహూర్తం కోసం వచ్చే దంపతులకు నేను వ్రాసి ఇచ్చే కాగితంలో ఈ నియమాలన్నీ ఉంటాయి. కొంతకాలంగా వాటి క్రింద మరొక పంక్తి చేర్చి వ్రాస్తున్నాను: ప్రసవమై బిడ్డ పాలు మానే వరకూ ఇంటిలోనికి మద్యం తేవలదు. ఆ పంక్తిని భర్త చేతనే పైకి చదివిస్తాను.